ఎవరి ఒళ్లు? ఎవరి దరువు?

దేహానికి కులం లేదనే మాట ఈ మధ్య చాలా చోట్ల వినపడుతోంది. కళల గురించి మాట్లాడేవాళ్లు మరీ ఎక్కువగా అంటున్నారు. కులం పేరులో ఉంటుందట, పెళ్లిలో ఉంటుందట, మనసులో ఉంటుందట, ఒళ్లు మాత్రం అందరికీ ఒకటేనట. మంచి ఉద్దేశంతోనే అంటారు, కాదనను. కాని 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపిన గొడవ, అంతకు నెల ముందు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ఒక రెడ్ల కుర్రాడికి తగిలిందనే దగ్గర ముదిరింది. తగిలింది పేరు కాదు, మనసు కాదు. కాలు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ కాలికి కులం ఉందా లేదా అని ఏ కళాకారుడినైనా అడగాలనిపిస్తుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేల మందితో నడిచి చవ్‌దార్ చెరువుకు పోయాడు. మెట్లు దిగాడు, వంగాడు, దోసిట్లో నీళ్లు తీసుకుని తాగాడు. నడవడం, దిగడం, వంగడం, తాగడం. అంతే. ఇందులో పాట లేదు, తాళం లేదు. ఆ నాలుగు కదలికలకే ఊరు ఊరంతా అదిరిపోయి, వీళ్లను కొట్టి, ఆ తర్వాత చెరువును మంత్రాలతో శుద్ధి చేసుకున్నది. దేహం, కదలిక అని ఎవరన్నా పాఠం చెప్పదలిస్తే అక్కడ మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, రెండేండ్ల కింద ఎండాకాలం సెలవుల్లో మా ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఒక మామిడి తోటలో పన్నెండు రోజులు ఆర్టిస్టుల రెసిడెన్సీ పెట్టారు. రెసిడెన్సీ అంటే కళాకారులు ఒక చోటికి వచ్చి ఉండి, అక్కడి మనుషులతో కలిసి పనిచేసి, ఏదో ఒకటి తయారుచేసుకుని పోవడం. వీళ్లు పెట్టుకున్న విషయం కదలిక, కవిత్వం, దేహం. పట్నం నుంచి డాన్సు చేసేవాళ్లు, కవులు, నాటకాలవాళ్లు వచ్చారు. ఇక్కడివాళ్లం కొందరం టీచర్లం, డిగ్రీ పిల్లలు కొందరు. నేను కవిత్వం రాస్తానని ఎవరో చెబితే నన్నూ పిలిచారు.

అక్కడ నాకు మేలు జరగలేదని అనలేను. రెండో రోజు అందర్నీ నేల మీద వెల్లకిలా పడుకోమన్నారు. కాళ్లు చేతులు ఎట్ల పడితే అట్ల వదిలేయమన్నారు. ఇరవై నిమిషాలు. ఎవరూ లేవమనలేదు. పట్టపగలు, పదిమంది ముందు, కాళ్లు చాపి పడుకోవడం నాకు అదే మొదలు. హాస్టల్లో పదేండ్లున్నాను, ముడుచుకుని పడుకోవడమే అలవాటు. పెద్ద కులపాయన వస్తుంటే అరుగు మీద కూర్చున్న మా నాయిన లేచి నిలబడేది, భుజం మీది తువ్వాల నడుముకు చుట్టేది. నేను ఉద్యోగస్థుణ్ణి, నేనెవరికీ లేచి నిలబడనక్కర లేదు. అయినా ఎంఈవో గదిలో కుర్చీ అంచు మీదే కూర్చుంటానని ఆ రోజు నేల మీద పడుకున్నాకే గమనించాను. ఆ సంగతి చూపించిన మేడమ్‌కు నేను రుణపడే ఉన్నాను.

అట్లాగే హాలులో ఇష్టమొచ్చినట్టు నడవమన్నప్పుడు చూశాను. పట్నపోళ్లు నడిమధ్య నుంచి నడుస్తున్నారు, చేతులు బారుగా చాపుతున్నారు. మా డిగ్రీ పిల్లలు గోడ వెంబడి నడుస్తున్నారు. ఎవరూ చెప్పలేదు. మేడమ్ దాన్ని సిగ్గు అన్నది. నేను దాన్ని దారి తెలియడం అంటాను. ఊరి నడి బజార్లో చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్ల మనుమలు, మనుమరాండ్లు వాళ్లు. ఏ జాగలో నడవాలో కాళ్లకు ఎరుకే.

ఇంకో రోజు వంగమన్నారు. నడుం వంచి, తల వేలాడదీసి, నేలకు దగ్గర కమ్మన్నారు. వంగితే భారం దిగిపోతుందన్నారు. వాళ్లకు నిజంగానే దిగిందేమో. మా అవ్వ నాట్లేసే దినాల్లో పొద్దుందాక వంగే ఉండేది, రాత్రి నడుం మీద నేను ఎక్కి తొక్కితే గాని నిద్ర పట్టేది కాదు. వంటకు కుదుర్చుకున్న ఆమెను కూడా వచ్చి చెయ్యమని మేడమ్ ప్రేమగానే పిలిచింది. ఆమె కొంగుతో మొఖం తుడుచుకుని, "నాకు నడుం నొస్తదమ్మా, మీరు చేసుకోండ్రి" అని వంటలోకి పోయింది. పన్నెండు రోజుల్లో దేహం గురించి విన్న మాటల్లో నాకు బాగా గుర్తున్న మాట అది.

శరీరంలో ఒక భాగం తీసుకుని పద్యమో కవితో రాయమన్నారు. వెన్నెముకలో నది పారుతుందని ఒకాయన రాశాడు. మా డిగ్రీ పిల్ల ఒకామె వాళ్లమ్మ మడిమల పగుళ్ల మీద రాసింది. చదివేటప్పుడు గొంతు వణికింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు జాషువా గుర్తొచ్చాడు. 1941లో గబ్బిలం రాసినప్పుడు ఆయన అడిగింది కూడా ఒళ్లు గురించే. గబ్బిలం ఒళ్లు గుళ్లోకి పోవచ్చు, మనిషి ఒళ్లు పోరాదు. అందుకే కదా అరుంధతి సుతుడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపింది. ఒంటి మీద కవిత్వం కట్టడం మనవాళ్లకు కొత్త కాదు. కొత్తగా నేర్పుతున్నామని అనుకునేవాళ్లకు ఆ పుస్తకం ఇచ్చి రావాల్సింది.

అసలు సంగతి అయిదో రోజు నుంచి మొదలైంది. డప్పు. "మీరు డప్పు అడుగులు వేసి చూపించాలి సార్, మీ రక్తంలో ఉంటుంది కదా" అని మేడమ్ నాతో అన్నది. నాకు రాదు అన్నాను. మొహమాట పడుతున్నాననుకుని ఇంకా బతిమాలింది. నాకు నిజంగా రాదు. రాకుండా ఉండడానికి మా నాయిన చాలా ఖర్చు పెట్టాడు.

ఆ ఖర్చు ఏందో చెప్పాలి. నేను పుట్టక ముందు, ఊళ్లో ఒక పెద్ద ఇంట్ల ముసలమ్మ సచ్చిపోతే నాయిన జరంతో ఉండంగనే పిలిచిండ్రు. రాత్రంతా, మరునాడు కాష్టం అంటుకునేదాక కొట్టిండు. ఇచ్చింది రెండు సోలెల గింజలు, ఇంత కల్లు. ఆ తర్వాత వచ్చిన సావుకు "నేను రాను" అన్నడు. "మాదిగోనివి, డప్పు నీ రక్తంల ఉన్నది, రాననుడేంది" అని అడిగిండ్రట. ఆ ఏడు మా ఇంట్ల ఎవరికీ కూలి పని పిలుపు రాలే. సూర్యాపేటకు మట్టి పనికి పోయిండ్రు. డప్పును పెద్దనాయినకు ఇచ్చేసి, "నా పిల్లల చేతికి ఇది ఇయ్యొద్దు" అని ఒట్టు పెట్టించుకున్నడు. నేను చదివిన చదువు, రాసిన డీఎస్సీ, అన్నీ ఆ ఒట్టు కిందికే వస్తయి.

చూడండి, దొర అన్న మాటా, మేడమ్ అన్న మాటా ఒక్కటే. రక్తంలో ఉంది. ఒకరు తిట్టుగా, ఒకరు మెప్పుగా అన్నారు. కాని వృత్తి రక్తంలో ఉంటుందంటే ఇక కులం అంటే వేరే ఏముంది? డప్పు రక్తంలో లేదు. తోలు ఊనడం, వెంట్రుక తీయడం, చట్రానికి చింతగింజల పిండితో అతకడం, లాగి కట్టడం, మంట మీద ఎంతసేపు కాచితే ఎంత మోగుతుందో చెవితో పట్టుకోవడం, కుడి చేతిలో చిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల రెండూ రెండు మాటలు మాట్లాడేటట్టు వేళ్లను మలుచుకోవడం, ఇదంతా నేర్చుకున్న విద్య. ఏండ్లు పడుతుంది. కంచ ఐలయ్య ఈ విద్యల్ని సైన్సు అన్నాడు, పిల్లల పుస్తకం కూడా రాశాడు. రక్తంలో ఉందని అనగానే ఆ నేర్చుకున్న కష్టం మాయమైపోతుంది. ఎవరన్నా సంగీతం పాడే అయ్యవారిని మీ రక్తంలో ఉందండీ అంటే పొగడ్త. ఎందుకంటే ఆయన పాడనంటే ఆయన పిల్లలకు కూలి ఆగదు.

సరే, నాకు రాదన్నాక, నేనే చెబితే మా పెద్దనాయినను పిలిపించారు. ఆయనా, ఇంకో ఇద్దరూ వచ్చారు. పీర్ల పండుగ దరువు కొట్టిండ్రు, పెండ్లి దరువు, పెద్దమ్మ దరువు కొట్టిండ్రు. డెబ్బై ఏండ్ల మనిషి, అడుగు వేస్తే మట్టి లేచింది. పట్నపోళ్లు నోళ్లు తెరిచి చూశారు, వెనకాల అడుగులు కలిపారు. నాకు గర్వంగా ఉంది. ఎందుకు దాచాలి? అప్పుడు ఒక కుర్ర డాన్సరు, సావు డప్పు కొట్టమని అడిగాడు. నిదానంగా, చాలా నిదానంగా కొడితే తాను దాని మీద కదులుతానన్నాడు. పెద్దనాయిన చిర్ర కింద పెట్టిండు. "పీనుగ లేకుంట కొట్టరాదయ్యా" అన్నడు. వాళ్లు చేతులు జోడించారు. పవిత్రమైన నియమం అనుకున్నారు. ఆ రాత్రి ఇద్దరు దాని మీద కవితలు కూడా రాశారు.

తిరిగి వచ్చేటప్పుడు బండి వెనక కూర్చున్న ఆయన్ను అడిగిన, నిజంగ కొట్టరాదా పెద్దనాయినా అని. కొంతదూరం ఏమనలేదు. తర్వాత అన్నడు:

"పీనుగ లేదని కాదు బిడ్డా. ఆ డప్పు నేను నా ఇష్టంతోని ఎన్నడు కొట్టలే. పిలిస్తే పోయిన. ఇయ్యాల నీ ఇష్టముంటే కొట్టు తాతా అన్నడు ఆ పిలగాడు. ఇష్టంతోని అంటే నాకు శెయ్యి రాలే."

ఈ మాట దగ్గరే నేను రెండేండ్లుగా ఆగిపోయి ఉన్నాను. బలవంతంలో పుట్టిన కదలికను కళగా చేసుకోవచ్చా? చేసుకుంటే ఎవరు చేసుకోవాలి?

ఇది మన ఒక్కరి ప్రశ్న కాదు. సదిర్ ఆడిన దేవదాసీల ఆట 1930లలో మద్రాసులో పేరు మార్చుకుని పెద్దిండ్ల ఆడపిల్లల ఆటైంది. 1936లో కళాక్షేత్రం పుట్టింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ ఆచారాన్ని నిషేధించింది. ఆచారం పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కాని ఆటకు గౌరవం వచ్చింది, ఆడినవాళ్లకు రాలేదు. మన దగ్గర జోగినులను నిషేధించిన చట్టం 1988లో వచ్చింది. శవం ముందు ఆడించిన ఆ అడుగులను రేపు ఎవరన్నా స్టేజి మీదికి తెచ్చి టికెట్టు పెడితే, ఆడిన ఆమె ఎక్కడ కూర్చుంటుంది? మృదంగం సంగతి టీఎం కృష్ణ 2020లో ఒక పుస్తకంగా రాశాడు. తోలు తెచ్చి, కోసి, బిగించేవాళ్లు ఎక్కువమంది దళిత క్రైస్తవులు. వాయిద్యం సభలోకి పోతుంది, చేసినవాడు గుమ్మం దగ్గర ఆగుతాడు. పోనీ బిరుదులిస్తే సరిపోతుందా అంటే, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మేలో హైదరాబాదు శివార్లలో ఇండ్లు కట్టే కాడ కూలికి పోతున్నాడని పత్రికల్లో ఫొటోతో సహా వచ్చింది. ఆ ఫొటోలో ఉన్న దేహమూ, పద్మశ్రీ తీసుకున్న దేహమూ ఒక్కటే.

రెసిడెన్సీలో మాతో ఉన్న ఒక ఎంఏ తమ్ముడితో నాకు దీని మీద పెద్ద వాదన జరిగింది. యూనివర్సిటీలో డప్పు దళం నడుపుతాడు. "అన్నా, పెద్దనాయిన కొట్టకపోవుడు ఆయన తరం గాయం. మనం ఆ గాయాన్ని మోయనక్కర లేదు. సావు డప్పును కూడా మనమే స్టేజి మీద కొట్టాలె, మన ధర మనం పెట్టాలె" అన్నాడు. అతని మాటలో బలం ఉంది. తమిళనాడులో పఱై సంగతి చూడండి. సావుకే కొట్టాలన్న వాయిద్యాన్ని దళిత యువకులు, ఆడవాళ్లు కూడా ఆత్మగౌరవంగా చేతబట్టారు. మదురై పఱై కళాకారుడు వేలు ఆసాన్‌కు 2025లో పద్మశ్రీ వచ్చింది.

అంతెందుకు, మా నాయిన సంగతే ఉంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టింది. తర్వాత మూడేండ్లకు మా మండలంలో ఊరేగింపు జరిగింది. నాకు తొమ్మిదేండ్లు. నాయిన పెద్దనాయిన ఇంటికి పోయి, తనే ఇచ్చేసిన డప్పు అడిగి తెచ్చుకున్నడు. గడ్డి మంట మీద కాచి, మెడకేసుకుని, మండలాఫీసు దాక కొట్టుకుంట పోయిండు. ఒట్టు తనదే, తీసిందీ తనే. నడుం నిటారుగా నిలబెట్టి, తల ఎత్తి నడిచే నాయినను నేను అప్పుడే చూసిన. ఎవరూ పిలవలేదు, గింజలు ఎవరూ పెట్టలేదు. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు మా వాడలో డప్పు కొట్టినవాళ్లలో ఆయన లేడు, అంతకు ముందే పోయిండు. ఆయన సావుకు డప్పు కొట్టాలా వద్దా అని ఇంట్లో గొడవైంది. అవ్వ వద్దన్నది. పెద్దనాయిన మాత్రం "దండోరా దరువు కొడత" అని అదే కొట్టిండు.

కాబట్టి తమ్ముడిది తప్పంటే నాయినదీ తప్పనాలి. నేనట్లా అనను. నేను అతన్ని అడిగింది ఒకటే: మీ దళంలో ఎవరన్నా ఒకరోజు నేను కొట్టను అంటే ఏమైతది? ఏం కాదన్నా, ఇంకొకరు కొడతరు, అన్నాడు. అట్లైతే అది కళ. ఊళ్లో ఇంకా సావు డప్పు కొడుతున్న మనవాళ్లను ఇదే అడిగి చూడండి. నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు మాట వినని కులాలను వెలివేసిన వార్తలు ఏండ్ల తరబడి చదువుతూనే ఉన్నాం. కాదంటే కూలి పోతుంది, కిరాణంలో ఉప్పు పుట్టదు. కాదనగలిగిన చెయ్యి కొట్టినప్పుడే అది దరువు. కాదనలేని చెయ్యి ఎంత అందంగా కొట్టినా అది వెట్టి. తోలు అదే, చిర్ర అదే, వినేవాడికి తేడా తెలియదు.

ఈ కొలతతో అన్నీ తేలిపోతాయని నేననుకోవడం లేదు. ఆకలి కూడా కాదననివ్వదు. ఆంధ్రప్రదేశ్‌లో యాభై దాటిన డప్పు కళాకారులకు పింఛను ఇస్తున్నారు, 2024 నుంచి నెలకు నాలుగు వేలు. మంచిదే. నాలుగు వేలు చేతిలో ఉన్న ముసలాయన సావుకు రానని అనగలడా? కొంచెం అనగలడేమో. డబ్బు కళను పాడుచేస్తుందని రెసిడెన్సీలో ఒక కవి బాధపడ్డాడు. జీతం నెల నెలా పడేవాళ్లకు ఆ బాధ ఉంటుంది, నాకూ పడుతుంది కనుక చెబుతున్నాను. పెద్దనాయినకు మూడు రోజులకు వాళ్లిచ్చింది ఎంతో, డాన్సు నేర్పిన మేడమ్‌కు ఎంతో నేనడిగాను. బడ్జెట్ పద్దులు వేరన్నారు. దేహానికి కులం లేకపోవచ్చు, పద్దుకు మాత్రం ఉంది.

ఇప్పుడు మా బడి. ఈ యేడు జనవరి 26కు పెద్దమనుషులు వస్తున్నారు, గేటు కాడ నుంచి మన పిల్లలతో డప్పులు కొట్టించి తీసుకురావాలని హెడ్మాస్టరు అన్నారు. మన పిల్లలంటే ఎవరో స్టాఫ్‌రూంలో అందరికీ అర్థమైంది. నేను రెండు షరతులు కాగితం మీద రాసిచ్చాను. ఏ కులం పిల్లలైనా, ఇష్టమున్నవాళ్లే పేరు రాసుకోవాలి. గేటు కాడ కాదు, జెండా ఎగరేశాక స్టేజి మీద, వచ్చిన పెద్దలు కూర్చున్న తర్వాత. ఆయన ఒకసారి నా మొఖం చూసి, సరే కానీయండి అన్నారు.

పేర్లు పదమూడు వచ్చాయి. అందులో అయిదుగురు ఆడపిల్లలు. మావాళ్ల పిల్లలు ఇద్దరు, ఒకే ఇంటివాళ్లు, రాయలేదు. మా నాయిన వద్దన్నడు సార్ అన్నారు. సరే అన్నాను, ఎందుకని అడగలేదు. ఒక బీసీ పిల్లగాడి తండ్రి బడికి వచ్చి, "మావోనితోని డప్పు కొట్టిపిస్తవా సారూ?" అని గట్టిగానే అడిగాడు. వాడే రాసుకున్నడు, వద్దంటే పేరు కొట్టేస్తానన్నాను. పిల్లవాడు వెనకాలే నిలబడి నేల చూస్తున్నాడు. తండ్రి ఏం తేల్చకుండానే పోయాడు. పిల్లవాడు ఇప్పటికీ వస్తున్నాడు.

శనివారం శనివారం పెద్దనాయిన వచ్చి నేర్పుతున్నడు. ఆటోకు, పూటకు ఇంత అని మేం కొందరం టీచర్లం వేసుకుని ఇస్తున్నాం. మొదటి రెండు వారాలు పిల్లల చేతికి చిర్ర ఇయ్యలే. తోలు వాసన చూడమన్నడు, మంట కాడ కూర్చోబెట్టిండు, వేళ్లు కాలకుండ డప్పు ఎట్ల తిప్పాలో చూపిచ్చిండు. మూడో వారం తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె లేచి, "తాతా, సావు డప్పు ఎట్లుంటది?" అని అడిగింది. ఆయన నా దిక్కు చూసిండు. నేనేం చెప్పలేదు, చెప్పాల్సింది నేను కాదు. కాసేపటికి, "ముందు గిది కొట్టు" అని పెండ్లి దరువు మొదటి వరస ఆ పిల్ల చేతిలో పెట్టిండు.